‘క్షణ క్షణం’ గురించి మనం తక్కువ మాట్లాడుకుంటున్నామా?

రెండో_ఆట
రామ్ గోపాల్ వర్మ గురించి ఎక్కడ మాట వచ్చినా అది 1989 నాటి ‘శివ’తో మొదలై, 1998 నాటి హిందీ ‘సత్య’ మీదుగా సాగి, ఆ తరువాతి సినిమాల మీద విసుగుతో ముగుస్తుంది. హాస్య చిత్రాల ప్రస్తావన వస్తే జంధ్యాల, రేలంగి నరసింహారావు, ఈవీవీ సత్యనారాయణల పేర్లు వరుసగా వినబడతాయి. ఈ రెండు మాటల్లోనూ 1991లో వచ్చిన ‘క్షణ క్షణం’ వినబడదు. వినబడినా ‘జాము రాతిరి’ పాట ఉన్న సినిమాగానే వినబడుతుంది. నా ఫిర్యాదు అదే. కోటి రూపాయల బ్యాంకు దోపిడీ, ముఠాలో ఒకడు మిగతావాళ్ళను మోసం చేసి దాచిన సొమ్ము, ఆ సొమ్ముకు దారి చూపే, సామాను దాచుకునే క్లోక్‌రూమ్ రసీదు, అది తన దగ్గరికి వచ్చిందని కూడా తెలియని సత్య అనే ఉద్యోగిని (శ్రీదేవి), ఆమెకు తోడుపడిన చందు అనే చిల్లర దొంగ (వెంకటేష్), వాళ్ళను తరిమే ముఠా నాయకుడు నాయర్: ఇంత బిగువైన కథను ఆసాంతం నవ్విస్తూ, ఆ నవ్వు వల్ల భయం ఏమాత్రం పలచబడకుండా నడిపిన తెలుగు సినిమాలు చాలా తక్కువ. ఇప్పటికీ టీవీలో వస్తే మధ్యలో లేవలేకపోతున్నాం కదా, మరి మన చర్చల్లో దానికి తగిన చోటు ఎందుకు లేదు?

నేల_టికెట్
ఆదరణ దక్కని సినిమా అనడంతో నేను ఏకీభవించలేను. ఆ సినిమాకు శ్రీదేవి ఉత్తమ నటిగా నంది పురస్కారం అందుకున్నారు, ఫిల్మ్‌ఫేర్ కూడా అందుకున్నారు. వర్మకు ఉత్తమ దర్శకుడిగా నంది వచ్చింది. హిందీలోకి అనువదించారు. పాటలు ఈనాటికీ మోగుతున్నాయి. ఇంతకన్నా ఏం కావాలి?

రెండో_ఆట
పురస్కారాలు వచ్చిన మాట నిజమే, నేను కాదనలేదు. పురస్కారం ఆ ఏడాదికి సంబంధించిన గౌరవం. నేను అడుగుతున్నది ఆ తరువాతి సంగతి. ‘శివ’ వచ్చాక మన సినిమాల్లో కెమెరా, శబ్దం, కళాశాల రాజకీయాల చిత్రణ ఎలా మారాయో వ్యాసాల మీద వ్యాసాలు వచ్చాయి. ‘క్షణ క్షణం’ కథనం ఎలా పనిచేస్తుందో అంత ఓపికగా విప్పి చూపిన వ్యాసం నాకు ఒక్కటీ ఎదురుకాలేదు.

చీకటి_హాలు
విడుదలైన రోజుల్లో విజయవాడలో మా అన్నయ్యతో కలిసి చూశాను. అప్పటికి వెంకటేష్ అంటే మాకు ‘బొబ్బిలి రాజా’. అంతకు ముందు ఏడాదే వచ్చి ఊళ్ళన్నీ ఊపేసిన సినిమా అది. శ్రీదేవి అంటే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో దివి నుంచి దిగివచ్చిన ఇంద్రజ. వర్మ అంటే ‘శివ’లోని సైకిల్ గొలుసు. ఈ మూడింటినీ మనసులో పెట్టుకుని హాల్లో కూర్చున్నవాళ్ళకు తెర మీద చీమ చిటుక్కుమన్నా భయపడే సామాన్యురాలు, పెద్ద పెద్ద మాటలు చెప్పని కథానాయకుడు, నవ్వు తెప్పించే ప్రతినాయకుడు కనబడ్డారు. మా అన్నయ్య బయటికి వచ్చి, బాగుంది కానీ ఇది ఎవరి సినిమా అని అడిగాడు. వెంకటేష్ సినిమానా, శ్రీదేవి సినిమానా, వర్మ సినిమానా తేల్చుకోలేకపోయాడు. రెండో ఆట గారి ప్రశ్నకు నా జవాబు అందులోనే ఉంది. ఏ ఒక్కరి అభిమానులూ ఈ సినిమాను పూర్తిగా తమది అనుకోలేదు, కాబట్టి భుజాన వేసుకుని మోసినవాళ్ళు లేకుండా పోయారు.

వాణి_ఎల్
ఇది శ్రీదేవి సినిమా. అందులో తేల్చుకోవలసినది ఏమీ లేదు.

ఎడిటింగ్_బల్ల
చీకటి హాలు గారు చెప్పినది ఆదరణ గురించి; నేను కథనం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ సినిమా ఇన్నేళ్ళు నిలబడటానికి కారణం అక్కడే ఉందని నమ్ముతున్నాను.

ఆ రోజుల్లో మన సినిమాల్లో హాస్యానికి విడిగా ఒక గది ఉండేది. కథ ఒక దారిన పోతుండగా, నడుమ నడుమ ఇద్దరు ముగ్గురు హాస్యనటులు వచ్చి తమకు కేటాయించిన సన్నివేశాలు పూర్తిచేసి వెళ్ళిపోయేవారు. ఆ సన్నివేశాలను కత్తిరించి పక్కన పెట్టినా కథకు లోటు వచ్చేది కాదు. ‘క్షణ క్షణం’లో నవ్వు వచ్చే చోట్లను కత్తిరించి చూడండి, కథే మిగలదు. ఎందుకంటే నవ్వు పుట్టేది సత్య భయంలోంచి, చందు అబద్ధాల్లోంచి, నాయర్ అసహనంలోంచి. వీళ్ళలో ఏ ఒక్కరూ మనల్ని నవ్వించాలని మాట్లాడరు. ప్రతివారూ తమ కష్టంలో తాము నిండా మునిగి ఉంటారు. పారిపోవలసిన సమయంలో ఆకలి వేయడం, దాక్కోవలసిన చోట నోరు ఆగకపోవడం, తరుముతున్నవాళ్ళలో వాళ్ళకే పొత్తు కుదరకపోవడం, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచే సంగతులే. ప్రమాదం పెరిగిన కొద్దీ నవ్వు కూడా పెరుగుతుంది.

రెండవది, సమాచారం పంచిన తీరు. దొంగలకు ఏం కావాలో మనకు తెలుసు. అది ఎక్కడుందో మనకు తెలుసు. సత్యకు ఆ రెండూ తెలియవు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు చెప్పకపోతే ఉత్కంఠ పుడుతుందని హాలీవుడ్ ఉత్కంఠ చిత్రాల దర్శకుడు హిచ్‌కాక్ వివరించేవాడు. ఇక్కడ అదే సూత్రం ఉత్కంఠతో పాటు హాస్యాన్ని కూడా పుట్టించింది. తనను ఎందుకు తరుముతున్నారో తెలియని మనిషి అడిగే అమాయకపు ప్రశ్నలన్నీ మనకు నవ్వు తెప్పిస్తాయి, ఆమె మీద జాలిని కూడా పెంచుతాయి.

సత్తుపల్లి_శ్రోత
ఎడిటింగ్ బల్ల గారి మాటకు చిన్న చేర్పు. కోటి రూపాయలు అన్నది ఆనాటి ప్రేక్షకుడికి ఊహకు అందే అంకె కాదు. 2000లో అమితాబ్ బచ్చన్ టీవీలో ప్రశ్నలు అడగడం మొదలుపెట్టినప్పుడు కూడా దేశమంతా నోరు తెరిచి చూసిన బహుమతి కోటి రూపాయలే. 1991లో ఆ సొమ్ము ఒక సంచిలో ఉందంటే దాని కోసం దొంగలు, పోలీసు, అందరూ తమ తమ తెలివిని పోగొట్టుకోవడం సహజంగా అనిపించింది. ‘కో అంటే కోటి’ అని పాటే కట్టారు కదా.

నేల_టికెట్
కథనం సంగతి ఒప్పుకుంటాను. కానీ సత్య పాత్ర మీద నాకు మొదటి నుంచీ అభ్యంతరం ఉంది. ఉద్యోగం చేసుకుంటూ నగరంలో సొంతంగా బతుకుతున్న యువతిని అంత పసిపిల్లలా చూపించడం అవసరమా? ప్రతి చిన్నదానికీ దేవుణ్ణి పిలవడం, కేకలు వేయడం, మొండికేయడం, ఇవన్నీ ముద్దుగా ఉన్నాయని అందరూ అంటారు. చదువుకుని సంపాదించుకునే స్త్రీని గౌరవించే పద్ధతి అది కాదని నా అభిప్రాయం. అదే దర్శకుడు పురుష పాత్రలను అలా రాయలేదు.

వాణి_ఎల్
నేల టికెట్ గారు, మీరు అడిగినది న్యాయమైన ప్రశ్నే కనుక నిదానంగా జవాబు చెబుతాను.

నేను 1990ల మధ్యలో ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి ఒక గదిలో ఒంటరిగా ఉన్నాను. రాత్రి తలుపు మీద ఎవరైనా తడితే గుండె ఎలా కొట్టుకునేదో నాకు గుర్తుంది. సత్య అరుస్తుంది, ఏడుస్తుంది, దేవుడితో బేరాలాడుతుంది, నిజమే. అయితే ఆ స్థితిలో ఉన్న మనిషి చేసే పని అదే. అప్పటి సినిమాల్లో కథానాయికకు రెండే దారులు ఉండేవి: అయితే కథానాయకుడు వచ్చేదాకా స్తంభానికి కట్టబడి ఉండాలి, లేదంటే ‘కర్తవ్యం’లో విజయశాంతిలా లాఠీ పట్టుకుని నిలబడాలి. ఆ రెండవ దారిని నేను ఎంతో గౌరవిస్తాను. కానీ నాలాంటి వాళ్ళం ఆ రెండింటిలో ఎక్కడా లేము. భయపడుతూనే పరుగెత్తడం, భయపడుతూనే ఎదురు ప్రశ్న వేయడం, భయపడుతూనే పక్కనున్నవాడు నమ్మదగినవాడో కాదో అంచనా వేసుకోవడం సత్య చేస్తుంది. కథ మొదట్లో ఆమెకున్న కోరిక కూడా గమనించండి. రోజూ ఒకే రకంగా గడిచే బతుకులో ఏదో ఒకటి జరగాలని ఉంటుంది. జరిగినది ఇది.

ఇక పురుష పాత్రల సంగతి. నాయర్‌ను చూడండి, అతని ముఠాను చూడండి. ఈ సినిమాలో పసితనం లేనివాడు ఎవరు?

చీకటి_హాలు
చివరి వాక్యం బాగా చెప్పారు. డబ్బు సంచి కోసం పెద్దమనుషులందరూ పిల్లల్లా పోట్లాడుకుంటారు. ఆ మాటకు వస్తే ఇన్‌స్పెక్టర్ యాదవ్ కూడా అంతే.

నేల_టికెట్
వాణి గారి వివరణలో బలం ఉంది. నా అభ్యంతరం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. శ్రీదేవి కాక మరెవరైనా ఆ పాత్ర వేసి ఉంటే మనమందరం భరించేవాళ్ళమా అన్న సందేహం అలాగే ఉంది.

వాణి_ఎల్
భరించేవాళ్ళం కాదు. అందుకే ఇది శ్రీదేవి సినిమా అన్నాను.

కర్నూలు_కబుర్లు
శ్రీదేవి ప్రస్తావన వచ్చింది కాబట్టి మా జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. ఈ సినిమా పతాక సన్నివేశాలను నంద్యాలలో తీశారు. ఆమెను చూడటానికి జనం ఎగబడటంతో ఆ రోజుల్లో ఊరు మొత్తం స్తంభించిపోయిందని, బ్యాంకులు, కార్యాలయాలు, బడులు కూడా నడవలేదని వర్మ తరువాత రాసుకున్నారు. 2018 ఫిబ్రవరి 24న శ్రీదేవి దుబాయిలో చనిపోయినప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళు గుర్తుచేసుకున్నది కూడా ఆ షూటింగు రోజులనే. సినిమాలో బ్యాంకును ముఠా దోచింది, నంద్యాలలో బ్యాంకులను శ్రీదేవి మూయించింది అని మా మేనమామ ఇప్పటికీ అంటుంటారు.

రెండో_ఆట
ఈ సినిమా శ్రీదేవికి తాను రాసిన ప్రేమలేఖ వంటిదని, ఆమెను మెప్పించడానికే తీశానని కూడా వర్మ చెప్పుకున్నారు. అభిమానంతో తీసిన సినిమాల్లో సాధారణంగా కథ నీరుగారిపోతుంది. ఇక్కడ అలా జరగలేదు. దేవతలా చూపించాలని కాకుండా ఆకలి, నిద్ర, చిరాకు, భయం ఉన్న మనిషిలా చూపించాలని అనుకోవడం వల్లనే ఆ అభిమానం కథకు మేలు చేసింది. ‘చాందినీ’, ‘చాల్‌బాజ్’ రెండూ వచ్చి రెండేళ్ళే అయింది, దేశమంతటా ఆమె పేరు మారుమోగుతోంది. అంతటి తారను అడవిలో మట్టి కొట్టుకుపోయిన బట్టలతో, చెదిరిన జుట్టుతో నడిపించిన ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

పాటల_పెట్టె
పాటల గురించి ఇప్పటిదాకా ఎవరూ వివరంగా రాయలేదు. కీరవాణి సంగీత దర్శకుడిగా వచ్చిన మొదటి సినిమా 1990 నాటి ‘మనసు మమత’. ‘క్షణ క్షణం’ వచ్చాక ఆయన పేరు ఇంటింటికీ తెలిసింది. ‘జాము రాతిరి జాబిలమ్మ’ను చాలామంది విడిగా రేడియోలో, ఇప్పుడు ఫోనులో వింటారు, కానీ దాని అసలు బలం సినిమాలో ఉన్న చోటులో ఉంది. వెనక ముఠా, చుట్టూ చీకటి అడవి, పక్కన ముక్కూ మొహం తెలియని మనిషి. ఆమెకు నిద్ర పట్టదు. ఆ సమయంలో చిల్లర దొంగ ఒకడు జోలపాట ఎత్తుకుంటాడు. ప్రేమికుల పాట రావలసిన చోట జోల రావడం సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి విజ్ఞత. బాలసుబ్రహ్మణ్యం గారు ఆ పాటను గొంతు పెంచకుండా, నిజంగా ఎవరినో నిద్రపుచ్చుతున్నంత మృదువుగా పాడారు. చిత్ర గారి గొంతు కలిసే సమయానికి ఆ ఇద్దరి మధ్య నమ్మకం ఏర్పడిందని మాటల్లో చెప్పనవసరం లేకపోయింది. కథలో అది మలుపు. ఆ పాట తీసేస్తే ఆ తరువాత ఆమె అతని వెంట ఎందుకు నడిచిందో మనకు అర్థం కాదు.

బాలు గారు 2020లో, శాస్త్రి గారు 2021లో వెళ్ళిపోయారు. ఆ పాట వింటే ఇప్పుడు గొంతు పూడుకుపోతుంది.

ఎడిటింగ్_బల్ల
‘జాము రాతిరి’ విషయంలో పాటల పెట్టె గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మిగిలిన పాటల విషయంలో అలా అనలేను. ఉత్కంఠ మీద నడిచే కథలో అన్ని పాటలు ఎక్కువే. ‘చలి చంపుతున్న’ ఎంత వినసొంపుగా ఉన్నా ఆ నాలుగైదు నిమిషాలు నాయర్ ముఠా ఎక్కడ కాఫీ తాగుతోందో అనిపిస్తుంది.

పాటల_పెట్టె
1991లో పాటలు లేకుండా క్యాసెట్టు అమ్ముడుపోదు, క్యాసెట్టు అమ్ముడుపోకపోతే సినిమాకు ప్రచారం ఉండదు. ఆ కట్టుబాటులో ఉంటూనే ఒక పాటనైనా కథలోకి అంతగా దించగలిగారు.

సత్తుపల్లి_శ్రోత
ప్రతినాయకుల సంగతి కూడా మాట్లాడుకోవాలి. పరేష్ రావల్ నాయర్‌గా వేసిన తీరు నాకు ఎంత చూసినా తనివి తీరదు. అతను క్రూరుడు, అందులో సందేహం లేదు. అయితే అతని క్రూరత్వానికి పక్కనే ఒక గుమస్తాలాంటి చిరాకు ఉంటుంది. చెప్పిన పని సరిగ్గా చేయని సిబ్బందితో విసిగిపోయిన అధికారిలా ఉంటాడు. హిందీలో ఆయనను అందరూ హాస్యనటుడిగా తలకెత్తుకున్నది 2000లో ‘హేరా ఫేరీ’ తరువాత. దానికి తొమ్మిదేళ్ళ ముందే ఆయనలోని ఆ గుణాన్ని తెలుగు సినిమా వాడుకుంది, రెండేళ్ళకు ‘మనీ’లో భార్యను వదిలించుకోవాలని చూసే సుబ్బారావుగా మళ్ళీ వాడుకుంది.

రామిరెడ్డి విషయంలో చేసిన పని కూడా తెలివైనదే. ‘అంకుశం’లో నీలకంఠంగా రాష్ట్రమంతటినీ భయపెట్టిన మనిషికి ఇన్‌స్పెక్టర్ యాదవ్‌గా పోలీసు దుస్తులు తొడిగారు. ఆ దుస్తుల్లో ఆయనను చూడగానే సత్యకు ఇక రక్షణ లేదని ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. ఒక్క మాట కూడా రాయనవసరం లేదు.

కర్నూలు_కబుర్లు
చందు పాత్రను ఎవరూ పట్టించుకోవడం లేదు. వెంకటేష్ గారు తన ముఖంలో సహజంగా ఉండే అల్లరిని ఇందులో ఎంత పొదుపుగా వాడారో చూడండి. శ్రీదేవి గారు ప్రతి సన్నివేశంలో పైకి లేస్తుంటే ఆయన పోటీపడకుండా నేల మీద నిలబడ్డారు. అలా నిలబడేవాడు లేకపోతే ఆమె నటన అతిగా కనబడి ఉండేది. అప్పటికే తారగా పేరున్న నటుడు అంత వెనక్కి తగ్గడం మామూలు విషయం కాదు. తరువాతి కాలంలో ‘నువ్వు నాకు నచ్చావ్’, ‘మల్లీశ్వరి’లలో మనం ఇష్టపడిన వెంకటేష్‌కు మూలం ఇక్కడ ఉంది.

నేల_టికెట్
దీనితో నాకు ఏ పేచీ లేదు.

చీకటి_హాలు
ఒక ప్రశ్న వేస్తున్నాను. ఇదే దర్శకుడు 1997లో హిందీలో ‘దౌడ్’ తీశారు. అక్కడ కూడా ఒక జంట, ఒక సంచి, వెనక ముఠా, పోలీసులు, అదే పరేష్ రావల్. సంజయ్ దత్, ఊర్మిళ ఉన్నారు, రెహమాన్ సంగీతం ఉంది. అయినా అది నిలబడలేదు. అదే సంవత్సరం తెలుగులో ‘అనగనగా ఒక రోజు’ వచ్చింది. దాన్ని బ్రహ్మానందం గారి నెల్లూరు పెద్దారెడ్డి కోసం ఇప్పటికీ చూస్తాం. ఒకే చేతి నుంచి వచ్చిన మూడు పరుగుల కథల్లో మొదటిదే ఎందుకు మిన్నగా ఉంది?

ఎడిటింగ్_బల్ల
నా ఉద్దేశంలో కారణం ఇది. ‘దౌడ్’లో జంట కూడా తాము చేస్తున్న పనిని సరదాగా తీసుకుంటుంది. పరుగెత్తేవాళ్ళే సరదా పడుతుంటే చూసేవాళ్ళకు భయం ఎక్కడి నుంచి వస్తుంది? భయం లేని చోట నవ్వుకు పట్టు దొరకదు, ఒక్కొక్క దృశ్యం విడివిడి ముక్కగా మిగిలిపోతుంది. ‘అనగనగా ఒక రోజు’లో ప్రమాదం నిజమైనదే, కానీ మన మనసు జంట నుంచి జారి పెద్దారెడ్డి దగ్గరికి పోతుంది. ఆ పాత్ర అంత గొప్పది, అందుకే మిగతా కథ మసకబారింది. ‘క్షణ క్షణం’లో చూపు ఎప్పుడూ సత్యను వదలదు. మధ్యలో ముఠా దగ్గరికి వెళ్ళినా, వాళ్ళు ఎంత నవ్వించినా, ఈ మూర్ఖులు ఆమెను పట్టుకుంటే ఏమవుతుందోనన్న బెంగ మనతోనే ఉంటుంది.

సత్తుపల్లి_శ్రోత
హాలీవుడ్‌లో 1984లో వచ్చిన ‘రొమాన్సింగ్ ద స్టోన్’తో పోలికలు ఉన్నాయని కొందరు విమర్శకులు రాశారు. అడవి, పట్నపు అమ్మాయి, తెలియని తోడు, వెనక ముఠా, ఇవన్నీ రెండింట్లోనూ కనబడతాయి. ఇది తేల్చకుండా గొప్పదనం గురించి మాట్లాడటం సబబేనా?

రెండో_ఆట
పోలిక ఉన్న మాట దాచవలసిన అవసరం లేదు. అయితే అక్కడి కథానాయిక నవలా రచయిత్రి, వెళ్ళేది పరాయి దేశానికి, తెలిసే బయలుదేరుతుంది. ఇక్కడ సత్య తన ఫోటోలు తెచ్చుకోవడానికి స్టూడియోకు వెళ్ళిన పాపానికి చిక్కుకుంటుంది. దోపిడీ, రసీదు, కవరు, పొత్తు కుదరని ముఠా, వంకర పోలీసు, ఇవన్నీ మన వీధుల నుంచే వచ్చాయి. ఒక ఊహ దూరం నుంచి వచ్చినా ఇల్లు కట్టింది ఇక్కడి మట్టితోనే.

కొత్త_ప్రేక్షకుడు
నేను 2000 తరువాత పుట్టినవాడిని. ఈ చర్చ చదివాక నిన్న రాత్రి మొదటిసారి చూశాను. ఒక సంగతి అర్థం కాలేదు. ఫోటోల కోసం ఆమె అంత శ్రద్ధగా స్టూడియోకు ఎందుకు వెళ్తుంది, ఆ కవరులో ఏముంటుంది? మిగతా అంతా చాలా నచ్చింది. నాకు ఇది వెంటనే 2019 నాటి ‘మత్తు వదలరా’ను గుర్తుచేసింది. అందులో కూడా ఒక చిన్న ఆశ, దాని వెనక ఒక శవం, ఏమీ తెలియక ఇరుక్కున్న సామాన్యులు.

పాటల_పెట్టె
కొత్త ప్రేక్షకుడు గారు, మీరు గమనించారో లేదో, ‘మత్తు వదలరా’ కథానాయకుడు శ్రీసింహా, సంగీత దర్శకుడు కాలభైరవ ఇద్దరూ కీరవాణి గారి కుమారులే. తండ్రి పేరును ఇంటింటికీ చేర్చినది ఒక హాస్య ఉత్కంఠ చిత్రం, కొడుకుల తొలి అడుగు కూడా అటువంటి చిత్రమే. అందులో అందరినీ నవ్వించిన నటుడి పేరు సత్య కావడం మరొక ముచ్చట.

చీకటి_హాలు
ఫోటోల సంగతి నేను చెబుతాను. అప్పుడు కెమెరాలో ఫిల్మ్ రీలు వేయాలి, సాధారణంగా ముప్పై ఆరు బొమ్మలు వస్తాయి. రీలు పూర్తయ్యాక స్టూడియోలో ఇస్తే వాళ్ళు కడిగి, కాగితం మీద ముద్రించి, నెగెటివ్‌లతో కలిపి ఒక కవరులో పెట్టి ఇస్తారు. చీటీ చూపించి తెచ్చుకోవాలి. ఎన్ని బాగా వచ్చాయో, ఎన్ని పాడయ్యాయో కవరు తెరిచేదాకా తెలియదు. దుకాణంలో అటువంటి కవర్లు పక్కపక్కన ఉంటాయి. కాబట్టి ఒక రసీదు మనిషికి తెలియకుండా చేతులు మారడానికి అంతకన్నా నమ్మదగిన మార్గం ఆ రోజుల్లో లేదు. క్లోక్‌రూమ్ కూడా అంతే. సామాను ఎవరిదని అడగరు, చీటీ ఎవరి చేతిలో ఉంటే వారిదే. మనందరి నిత్య జీవితంలో ఉన్న రెండు చీటీలను పట్టుకుని కథ అల్లారు.

కొత్త_ప్రేక్షకుడు
ఇప్పుడు అర్థమైంది. అయితే ఈ కథను ఈనాడు తీస్తే పదిహేను నిమిషాల్లో ముగిసిపోతుంది. సత్య ఫోను నుంచి తానున్న చోటు స్నేహితులకు పంపిస్తుంది, వీధి కెమెరాలో నాయర్ ముఖం దొరుకుతుంది.

వాణి_ఎల్
అంత సులువుగా ముగియదు. ఫోను ఉంటే ముఠాకు కూడా ఆమె ఉన్న చోటు తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరే వాళ్ళ వంటివాడైతే వీధి కెమెరా ఎవరికి ఉపయోగపడుతుంది? ఈ కాలానికి తగిన చీటీని వెతకగలిగే రచయిత కావాలి, అంతే. 2013లో ‘స్వామి రారా’లో సుధీర్ వర్మ వినాయకుడి విగ్రహాన్ని చేతులు మార్పించి ఆ పని చేశారు. 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరులో ఒక చిన్న డిటెక్టివ్‌ను పెట్టి, నవ్విస్తూనే మన గుండె పట్టుకుంది. ఈ వంశం ఆగిపోలేదు. పెద్దవాళ్ళ పేరు చెప్పుకోవడం మాత్రం ఆగిపోయింది.

నేల_టికెట్
మొదట్లో నేను పురస్కారాల పేర్లు చెప్పి అడ్డుపడ్డాను. ఆ మాట మీదే ఉన్నాను, ఇది అనామకంగా మిగిలిన సినిమా కాదు. అయితే ఈ చర్చ చదివాక ఒక భేదం చెప్పగలను. దీన్ని అందరూ ప్రేమించారు, తక్కువమంది చదివారు. ‘శివ’ను చదివారు.

రెండో_ఆట
ఇంతకన్నా సూటిగా నేను చెప్పలేకపోయాను.

ఎడిటింగ్_బల్ల
చదవాలంటే మంచి ప్రతి కూడా కావాలి. ఇప్పుడు దొరికే ప్రతుల్లో రాత్రి దృశ్యాలు బూడిద రంగులోకి దిగిపోయాయి. ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి గారు అడవిలో చీకటిని ఎంత జాగ్రత్తగా మలిచారో హాల్లో చూసినవాళ్ళకు తెలుసు. ఎవరి ముఖం కనబడాలి, ఎవరిది కనబడకూడదు అన్నది ఆ వెలుగుతోనే నిర్ణయించారు. టీవీలో అవన్నీ కలిసిపోయి ఒకే మసకగా కనబడతాయి. 2025లో ‘శివ’ను 4కె రూపంలో మళ్ళీ థియేటర్లలో విడుదల చేశారు. ఆ శ్రద్ధ దీనికి కూడా దక్కాలి.

కర్నూలు_కబుర్లు
దక్కితే మొదటి ఆట నంద్యాలలో వేయాలి. బ్యాంకులకు ముందుగానే చెప్పి ఉంచుదాం.

పాటల_పెట్టె
చిత్రంతో పాటు శబ్దాన్ని కూడా శుభ్రం చేయాలి. ‘జాము రాతిరి’ మొదలయ్యే ముందు అడవిలో వినబడే చప్పుళ్ళు ఇప్పటి ప్రతుల్లో సగం వినబడవు. ఆ చప్పుళ్ళు వినబడితేనే ఆ జోల ఎందుకు కావలసి వచ్చిందో తెలుస్తుంది.

కొత్త_ప్రేక్షకుడు
నేను ఫోనులో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను కాబట్టి నాకు కొంత వినబడింది. ఆదివారం మా గదిలో స్నేహితులకు పెద్ద తెర మీద వేసి చూపించాలనుకుంటున్నాను. వాళ్ళలో ఇద్దరికి పాత సినిమా అంటే పది నిమిషాల్లో నిద్ర వస్తుంది. ముందుగా ఏమైనా చెప్పాలా, ఏమీ చెప్పకుండా వేసేయమంటారా?

వాణి_ఎల్
ఏమీ చెప్పకండి. దోపిడీ దగ్గర నుంచి చూడనివ్వండి. ఫోటో స్టూడియో సన్నివేశం అయ్యేదాకా ఎవరినీ లేవనీయకండి, ఆ తరువాత వాళ్ళే లేవరు.